సెటిల్మెంటంటే ఏటి మేస్టారూ?

మా పద్మనాభం మండలంలో ఒక పేట. ఊరు పేరు రాయను. రాస్తే ఆ తల్లికి ఇంకో తగువు వచ్చి పడతది. ఆమెకి డి-పట్టా భూమి ఎకరం ఇరవై సెంట్లుంది. పెనిమిటి పోయేడు. ఒక్కడే కొడుకు. పక్క చేను ఆసామి రెండేళ్ళుగా గట్టు జరుపుకుంటూ వస్తున్నాడు. దుక్కి అదనులో కొడుకు అడ్డం వెళ్తే నలుగురి ముందూ కులం పేరెత్తి తిట్టి, కర్రతో తల మీద కొట్టేరు. ఆరు కుట్లు పడ్డాయి. సంఘం వాళ్ళం పదిమందిమి కూడా వెళ్తే కేసు రాసేరు.

వారం తిరక్కుండా ఇద్దరు పెద్దమనుషులు పేటకొచ్చేరు. ఏనాడూ పేట మొగదల దాటి రానివాళ్ళు ఆ రోజు మంచం వేయించుకుని కూర్చున్నారు. "అరవై వేలిస్తాం, సెటిల్మెంటు చేసీసుకోండి, ఊరన్నాక కలిసుండాలి గదా" అన్నారు. ఆ రాత్రి ఆ తల్లి మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని అడిగింది:

"సెటిల్మెంటంటే ఏటి మేస్టారూ? మీరు సదువుకున్నోరు గదా, సెప్పండి."

ఇరవై ఏళ్ళ బట్టి బడిలో పాఠాలు చెప్తున్నాను. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. అయినా నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. రాజీ అని చెప్దామనుకున్నాను. రాజీయే అయితే వాళ్ళు రాజీ అనే అందురు గదా! మన తాతల నాడు దాన్ని తగువు అనేవారు. రామకోవెల అరుగు మీద పెద్దలు కూర్చునేవారు. మనవాళ్ళు కింద చేతులు కట్టుకు నిలబడేవారు. చివరికి దెబ్బలు తిన్నవాడే దండుగ కట్టుకుని ఇంటికెళ్ళేవాడు. ఆ తగువే ఇప్పుడు ప్యాంటు తొడుక్కుని, ఇంగ్లీషు పేరు పెట్టుకుని, మోటారు సైకిలెక్కి పేటలోకి వచ్చింది.

ఆమె వెళ్ళేక నిఘంటువు దించి చూసేను. ఒక్క మాటకి ఎన్ని అర్థాలో! స్థిరపడడం ఒక అర్థం. కొత్తగా వెలిసిన ఊరు ఒక అర్థం. భూమి శిస్తు ఖాయం చెయ్యడం ఒకటి. ఆస్తి దఖలు చెయ్యడం ఒకటి. జీతం బేరం కుదరడం, బాకీ తీరడం, తగాదా తెగడం. అన్నీ సెటిల్మెంటే. కట్టడం బరువుకి కింద నేల కుంగితే దాన్ని కూడా ఇంజనీర్లు సెటిల్మెంటే అంటారు.

మిత్రులారా, అర్థాలు ఇన్నున్నాయి. కాని ఏ అర్థం ఎవరికి దక్కింది? భూమి అర్థం ఎవరికి పోయింది? కుంగిపోవడం ఎవరి వంతయింది? ఈ నాలుగు పేజీలూ ఆ ఒక్క ప్రశ్న కోసం.

కొండ కింద మొదటి సెటిల్మెంటు

దూరం పోనక్కర్లేదు. మన పద్మనాభం కొండ నుంచే మొదలుపెడదాం. 1794 జులై 10న ఈ కొండ కింద యుద్ధం జరిగింది. ఈస్టిండియా కంపెనీకి పేష్కష్ బాకీ పడ్డాడని విజయనగరం రాజు విజయరామరాజు మీదికి కంపెనీ సైన్యం వచ్చింది. రాజు ఇక్కడే చనిపోయేడు. ఆ సంగతి పిల్లలకి వీరగాథలాగ చెప్తాం. చెప్పాలి కూడా. తెల్లవాడికి ఎదురు నిలిచిన మాట నిజం.

కాని తర్వాత జరిగింది చెప్పం. రాజు చనిపోయిన ఎనిమిదేళ్ళకి, 1802లో, కంపెనీ ఈ దేశంలో 'పర్మనెంట్ సెటిల్మెంట్' పెట్టింది. తెలుగులో శాశ్వత బందోబస్తు అన్నారు. కొట్టుకున్న కంపెనీ, రాజకుటుంబం కూర్చుని లెక్క తేల్చుకున్నారు. ఏటా ఇంత పేష్కష్ మాకు కట్టు, మిగతాది నీ ఇష్టం అన్నాడు కంపెనీవాడు. సరే అన్నాడు జమీందారు. యుద్ధం చేసుకున్న ఇద్దరికీ సెటిలయిపోయింది.

మరి నాగలి పట్టినవాడో? చెరువు మట్టి మోసినవాడో? చచ్చిన గొడ్డు లాగి, తోలు ఊడ్చి, ఆ తోలుతో మోట బొక్కెన కుట్టి ఇచ్చినవాడో? ఆ కాగితంలో వాడి పేరు లేదు. వాడు ఆ సెటిల్మెంటులో పక్షం కాడు. వాడు సెటిల్మెంటయిన సరుకు! చెట్టూ, చెరువూ, పుట్టా, గట్టూ ఎలాగో మన పేటలూ అలాగే జమీందారుకి దఖలయ్యాయి.

బందోబస్తు మాట ఏమయిందో కూడా చూడండి. ఆనాడు జమీందారుకి శాశ్వత బందోబస్తు అంటే భూమి మీద హక్కు. ఈనాడు మన పేటకి బందోబస్తు వచ్చిందంటే అర్థం ఏటి? రెండు పోలీసు వ్యాన్లు! మాట ఒకటే. వాళ్ళింటికి వెళ్తే పట్టా అయ్యింది, మనింటికి వస్తే లాఠీ అయ్యింది.

మా నాన్న పట్టా

నూట యాభై ఏళ్ళకి దగ్గరగా జమీందారీ నడిచేక 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. ఊరూరా మళ్ళీ సెటిల్మెంటే. సెటిల్మెంటు ఆఫీసర్లు వచ్చేరు. రికార్డులు తీసేరు. రైతుగా పేరున్నవాడికి రైత్వారీ పట్టా ఇచ్చేరు. మంచి చట్టమే. జమీందారు నెత్తి మీంచి దిగేడు. కాని రికార్డులో పేరు ఎవరిదుంటది? దున్నించినవాడిది. దున్నినవాడు పాలికాపు. పాలికాపుకి రికార్డేటి, వాడి పేరు ఆసామి గల్లాపెట్టెలో బాకీ కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు.

మా నాన్న పాలికాపు. ఉగాదికి ఉగాదికి లెక్క చూసేవారు. తిన్న గింజలూ, తెచ్చిన అప్పూ, పనికి రాని రోజులూ తీసేస్తే మా నాన్నే ఇంకా బాకీ తేలేవాడు. "లెక్క సెటిలయింది" అనేవాడు ఆసామి. అంటే ఇంకో ఏడాది గొడ్డుచాకిరీ ఖాయమయిందని.

తర్వాత కాలంలో ప్రభుత్వం బంజరులో ఎనభై సెంట్లు డి-పట్టా ఇచ్చింది. రాళ్ళు ఏరి, తుప్పలు కొట్టి, మా అమ్మా నాన్నా దాన్ని భూమి చేసేరు. 1977 నాటి అసైన్డు భూముల చట్టం ప్రకారం ఆ భూమి అమ్మడానికి లేదు, కొనడానికి లేదు. మంచిదే. ఆ చట్టమే లేకపోతే ఒక్క సారా సీసాకి పోయుండేది. కాని ఇంకో సంగతి కూడా చూడండి. పట్టా భూమి ఉన్న ఆసామి కొడుక్కి ఆస్తి రాసిస్తే ఆ కాగితాన్ని రిజిస్ట్రారు ఆఫీసులో ఏమంటారో తెలుసా? సెటిల్మెంటు దస్తావేజు! ఆ దస్తావేజు మా నాన్న నాకు రాయలేడు. వాళ్ళ కాగితం బ్యాంకులో అప్పు తెస్తది, పిల్ల పెళ్ళి చేస్తది. మన కాగితం సర్కారు ఎప్పుడడిగితే అప్పుడు తిరిగిచ్చెయ్యాలి.

ముళ్ళకంచె సెటిల్మెంటు

భూమి ఉన్నవాడికి సెటిల్మెంటంటే భూమి. మరి భూమి లేక తిరిగి బతికేవాణ్ణి ఏం చెయ్యాలి? దానికీ తెల్లదొరలు ఇదే మాట వాడేరు.

1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చేరు. 1911లో దాన్ని కొత్తగా రాసి మన మద్రాసు రాష్ట్రానికీ పెట్టేరు. పుట్టుకతోనే దొంగలని కొన్ని కులాల మీద ముద్ర వేసేరు. ఎడ్ల మీద, గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ మోసి ఊరూరా అమ్ముకుని బతికిన ఎరుకల వాళ్ళు ఆ ముద్ర కింద నలిగిపోయేరు. రైళ్ళొచ్చి వాళ్ళ ఉప్పు బేరం తీసేసేయి. అడవి చట్టాలొచ్చి వాళ్ళ అడవి తీసేసేయి. బతుకు తీసేసి దొంగ అన్నారు. 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర స్టువర్టుపురం పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించేరు. సీతానగరం, కప్పరాళ్ళతిప్ప, ఇలాంటివే. వాటికి పెట్టిన పేరేటి? సెటిల్మెంట్లు!

రోజూ హాజరు చెప్పాలి. ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. చీరాల పొగాకు కంపెనీకి అక్కడి నుంచి కూలీలు. 1952లో ఆ చట్టం రద్దయింది. ముద్ర రద్దవలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసు జీపు ముందు ఆ పేటలకే వెళ్ళేది.

ఆలోచించండి. 1802 సెటిల్మెంటులో జమీందారుకి వెయ్యి ఊళ్ళు. 1913 సెటిల్మెంటులో ఎరుకలవాడికి ఒక గుడిసె, ఒక హాజరుపట్టీ. రెంటికీ ఒకే మాట!

గేటు లోపల, గేటు బయట

ఇప్పుడు విశాఖపట్నం వద్దాం. ఇది పోర్టు ఊరు, ఉక్కు ఊరు. ఇక్కడ సెటిల్మెంటు మాట కార్మికుల నోట గర్వంగా వినిపించేది. యూనియన్లు సమ్మె నోటీసిచ్చి, లేబరు కమిషనరు దగ్గర కూర్చుని, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 12(3) కింద సంతకాలు చేస్తే అది సెటిల్మెంటు. జీతం పెరిగేది. బకాయిలొచ్చేవి. ఆ సెటిల్మెంటుకి నేను దండం పెడతాను. ఎందుకంటే అక్కడ రెండు పక్షాలూ కుర్చీల్లో కూర్చున్నాయి. కార్మికుడి వెనక సంఘం ఉంది, సమ్మె ఉంది. అందుకే కాగితంలో వాడికి ఏదో మిగిలింది.

అదే గేటు బయట చూడండి. ఉక్కు ఫ్యాక్టరీ కోసం అరవైకి పైగా ఊళ్ళు లేచిపోయాయి. ఇరవై వేల ఎకరాలు దాటి భూమి పోయింది. ఇంటికో ఉద్యోగం అని ఆశ చూపి ఆర్-కార్డులు చేతిలో పెట్టేరు. ఆ కార్డు పెట్టెలో దాచుకుని ముసలివాళ్ళయిపోయిన వాళ్ళు వేలల్లో ఉన్నారు. భూమి ఉన్నవాడికి ఎంతోకొంత నష్టపరిహారమైనా వచ్చింది. భూమి లేని పేటకి ఏం పోయిందని లెక్క కట్టేరు? కూలి పోయింది. తాటాకు పోయింది. గొడ్డు మేసిన బీడు పోయింది. వాటికి సర్వే నంబరు లేదు, కాబట్టి సెటిల్మెంటూ లేదు.

కాంట్రాక్టు కార్మికుడికి ఇంకో సెటిల్మెంటుంది. 'ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్మెంటు'. పదిహేనేళ్ళు కొలిమి దగ్గర కాలిపోయినవాణ్ణి ఒక సాయంత్రం పిలిచి, కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఇన్ని వేలు చేతిలో పెట్టి గేటు చూపించడం. పర్మనెంటు కార్మికుడికి సెటిల్మెంటంటే రేపటి నుంచి పెరిగే జీతం. కాంట్రాక్టు కార్మికుడికి సెటిల్మెంటంటే రేపటి నుంచి పని లేదు. ఆ రెండో వరసలో మన కులాల వాళ్ళెంతమందో గేటు ముందు నిలబడి చూసినవాళ్ళకి తెలుసు.

ఇక్కడ మనలో చదువుకున్నవాళ్ళకి కూడా ఒక మాట. నాకు ఉద్యోగం రాగానే చుట్టాలంతా "నువ్వు సెటిలైపోయేవురా" అన్నారు. సంతోషించేను. కాని సెటిలైపోయేననుకున్న రోజు నుంచి మీటింగులకి వెళ్ళడం తగ్గింది. పేటకి వెళ్ళడం తగ్గింది. టౌనులో అద్దె ఇల్లు తీసుకుంటే కులం అడుగుతారని మాట మార్చడం నేర్చేను. నీటిలో వేసిన మట్టి కూడా సెటిలవుతది. అడుక్కి చేరి కదలకుండా ఉంటది. మనలో ఉద్యోగస్తులం చాలామందిమి అలాగ సెటిలయ్యేం.

గజాల లెక్క

ఇప్పుడు మన మండలంలోకి మళ్ళీ రండి. భోగాపురంలో విమానాశ్రయం మాట పుట్టిన దగ్గర్నుంచి ఈ చుట్టుపక్కల సెంటు భూమి బంగారమయింది. మన రాళ్ళ గుట్టలు కూడా లేఅవుట్లయ్యాయి. అప్పుడు అందరికీ డి-పట్టా భూములు గుర్తొచ్చేయి.

2020 జనవరి 25న 72వ నంబరు జీవో వచ్చింది. విశాఖ చుట్టూ పది మండలాల్లో, మన పద్మనాభంతో కలిపి, ఆరు వేల ఎకరాలు దాటి భూమిని పూలింగు కింద తీసుకుంటామన్నారు. దేనికి? పేదలకి ఇళ్ళ స్థలాలకి. ఎవరి భూమి? అసైన్డు భూమి, సర్కారు బంజరు, బంజరు దున్నుకుంటున్న వాళ్ళ భూమి. పేదవాడి భూమి తీసి పేదవాడికి ఇల్లు! పెద్దవాడి తోట జోలికి ఎవడూ పోలేదు.

లెక్క చూడండి. ఎకరం అంటే 4,840 గజాలు. ఎకరం డి-పట్టా ఇస్తే తిరిగి 900 గజాల ప్లాటు. అంటే అయిదు గజాలిస్తే ఒక్క గజం కూడా పూర్తిగా రాదు. పదేళ్ళకి పైబడి సాగు చేసుకుంటున్నవాడికి 450 గజాలు. అయిదు నుంచి పదేళ్ళయితే 250 గజాలు. దీన్నీ సెటిల్మెంటనే చెప్పేరు ఊళ్ళో. "డెవలప్ చేసిన ప్లాటు, కోటి రూపాయలు పలుకుతది" అన్నారు. పలికేది ఎవరికి? ప్లాటు పలికేదాకా ఆకలితో ఆగగలిగినవాడికి. మనవాడు ఆగగలడా? కాగితం మీదే బేరగాడికి అమ్ముకుంటాడు.

ఒక సంగతి ఆ రోజు మనకి ఎవరూ చెప్పలేదు. 2004లో మేకల పాండు కేసులో అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం స్పష్టంగా తేల్చింది. ప్రజావసరానికి అసైన్డు భూమి వెనక్కి తీసుకుంటే, పట్టా భూమి యజమానితో సమానంగా మార్కెట్టు విలువ కట్టి పరిహారం ఇవ్వాలని. ఆ హక్కు ఉన్నవాణ్ణి కూర్చోబెట్టి, గజాలు చూపించి, ఇష్టపూర్వకంగా ఇచ్చేనని సంతకం పెట్టించుకోవడమే సెటిల్మెంటు. చట్టం ఇచ్చినదాన్ని మన చేతే వదిలింపచెయ్యడం!

2023లో ఇంకో మలుపు. అసైన్డు చట్టం సవరించి, ఇచ్చి 20 ఏళ్ళు దాటిన భూములకి అమ్ముకునే హక్కు ఇచ్చేరు. మన చేతికి హక్కు రాకముందే మన భూములకి బయానాలు ఇచ్చినవాళ్ళు తయారుగా ఉన్నారు. వాళ్ళకి ముందే ఎలా తెలిసింది? గోల పుట్టింది. 2024లో ప్రభుత్వం మారేక అలాంటి భూముల రిజిస్ట్రేషన్లు ఆపేరు. అంతకుముందు 2017లో, 2019లో విశాఖ భూముల మీద రెండుసార్లు సిట్ వేసేరు. పార్టీ ఏదైనా సరే, సెటిల్మెంటు బల్ల ముందు కుర్చీలు మారేయి గాని, మనం నిలబడిన చోటు మారలేదు.

కేసు సెటిల్మెంటు

ఇక ఆ తల్లి అడిగిన సెటిల్మెంటు దగ్గరకొద్దాం. అన్నిటికన్నా చెడ్డది ఇదే.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. ఉద్యోగం వచ్చిన కొత్తలో మా చుట్టాల్లో ఒక కుర్రాణ్ణి గుడి ముందు కొట్టేరు. కేసు పెట్టేరు. పెద్దలు నన్ను పిలిచేరు. "ఏరా" అని పిలిచే నోళ్ళు ఆ రోజు "మేస్టారూ" అన్నాయి. కుర్చీ వేసేరు. ఆ కుర్చీకి పడిపోయేను మిత్రులారా! నేనే ఆ కుర్రాడికి చెప్పేను, "సెటిలైపో, కోర్టుల చుట్టూ ఎన్నేళ్ళు తిరుగుతావు" అని. పాతిక వేలిచ్చేరు. అందులో పదివేలు మధ్యవాళ్ళు తిన్నారు. ఆరు నెలలకి వాణ్ణే మళ్ళీ కొట్టేరు. ఈసారి కేసు పెట్టడానికి పేటలో ఒక్కడూ రాలేదు. "మేస్టారే సెటిల్ చేసేరు గదా" అన్నారు. వాడు ఊరొదిలి హైదరాబాదు వెళ్ళిపోయేడు. ఆ సెటిల్మెంటులో దెబ్బకి రేటు కట్టించినవాణ్ణి నేను.

ఇప్పుడు చట్టం చెప్పేది వినండి. 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరాలు రాజీకి వీలైన నేరాల జాబితాలో లేవు. ఊరి పెద్దకి గాని, స్టేషనులో కూర్చున్నవాడికి గాని దాన్ని సెటిల్ చేసే అధికారం లేదు. 2021 అక్టోబరులో మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు రాజీ మీద కేసు కొట్టేసిన మాట నిజం. పెద్దమనుషుల వెంట వచ్చే ప్లీడర్లు దాన్నే పట్టుకు తిరుగుతారు. కాని ఆ కోర్టే బాధితుడు బలవంతం లేకుండా ఒప్పుకున్నాడా లేదా జాగ్రత్తగా చూడాలని చెప్పింది. పేటలో మంచం వేయించుకుని "ఊరన్నాక కలిసుండాలి గదా" అనడం బలవంతం కాక ఇంకేటి?

ఇంకో మోసం ఉంది. సర్కారు ఇచ్చే సహాయం డబ్బునీ, వాళ్ళు పారేసే డబ్బునీ కలిపి మాట్లాడతారు. అవి వేరు వేరు. 2016లో సవరించిన నియమాల ప్రకారం నేరాన్నిబట్టి బాధితులకి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల దాకా ప్రభుత్వం ఇవ్వాలి. కేసు నమోదైనప్పుడు కొంత, ఛార్జిషీటప్పుడు కొంత ఇస్తారు. అది ఎవడి దయా కాదు.

అసలు సంగతి ఇంకా ఉంది. ఆ తల్లి ఎఫ్ఐఆర్ కాగితం తెప్పించి చదివేను. అందులో తిట్టు ఉంది, దెబ్బ ఉంది. భూమి లేదు! దళితులకి ఇచ్చిన భూమిని అన్యాయంగా ఆక్రమించి సాగు చెయ్యడం అదే చట్టంలో 3(1)(ఎఫ్) కింద వేరే నేరం. భూమి నుంచి వెళ్ళగొట్టడం 3(1)(జి) కింద నేరం. ఆ సెక్షన్లు పడితే, అవసరమైన చోట సర్కారు ఖర్చుతో భూమి తిరిగి అప్పగించాలని నియమాల్లోనే ఉంది. కేసు గట్టు కోసం పుట్టింది. గట్టు ఎఫ్ఐఆర్‌లో లేదు, అరవై వేల సెటిల్మెంటులోనూ లేదు. డబ్బు తీసుకుని సంతకం పెడితే గట్టు జరిగిన చోటే ఉంటది. అంటే వాడు అరవై వేలకి భూమి కొనుక్కున్నట్టు. అసైన్డు భూమి, అమ్మడానికి హక్కే లేని రోజుల్లో నుంచి పట్టిన భూమి, కొన్నట్టు కాగితం కూడా లేకుండా!

"కోర్టుకెళ్తే గెలుస్తామా?" అని అడుగుతారు. అబద్ధం చెప్పను. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపేరు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టి 2007లో 21 మందికి యావజ్జీవం వేసేరు. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. మన ఉత్తరాంధ్రలోనే 2012 జూన్ 12న లక్ష్మీపేటలో, మడ్డువలస రిజర్వాయరు కోసం తీసుకున్న భూమి సాగు దగ్గర, అయిదుగురు దళితుల్ని చంపేరు. చట్టం మనకి గెలుపు రాసి ఇవ్వలేదు.

కాని ఇంకోటి కూడా చెప్తాను. 1996 డిసెంబరు 29న తూర్పుగోదావరి జిల్లా వెంకటాయపాలెంలో అయిదుగురు దళితుల్ని హింసించేరు. అందులో ఇద్దరికి గుండు గీసేరు. అవతలవాడు చిన్నవాడు కాదు, రాజకీయాల్లో పెద్దవాడు. 27 ఏళ్ళు దాటేక, 2024 ఏప్రిల్ 16న, మన విశాఖపట్నం ప్రత్యేక కోర్టు ఒక శాసనమండలి సభ్యుడితో సహా నిందితులకి 18 నెలల జైలుశిక్ష వేసింది. శిక్ష చిన్నదే. కాని పదవిలో ఉన్నవాడి పేరు ముందు కోర్టు 'దోషి' అని రాసింది. మధ్యలో లొంగిపోయుంటే ఆ మాట పుట్టేదా?

బాబాసాహెబ్ అడిగిన సెటిల్మెంటు

ఇన్ని అర్థాలు చూసేం. మనకి పనికొచ్చే అర్థం ఒక్కటైనా లేదా? ఉంది. దాన్ని బాబాసాహెబ్ అంబేద్కర్ అడిగేరు.

1932 సెప్టెంబరు 24న పూనాలో గాంధీ గారి నిరాహారదీక్ష మెడ మీద పెట్టి ఒక సెటిల్మెంటు చేయించేరు. ప్రత్యేక నియోజకవర్గాలు పోయేయి. ప్రాణం బెదిరింపు మీద జరిగే సెటిల్మెంటు ఎలాగుంటదో బాబాసాహెబ్‌కి తెలిసినంత ఇంకెవరికి తెలుసు?

పదేళ్ళకి, 1942 జులైలో, నాగపూరు మహాసభలో మనవాళ్ళు ఒక తీర్మానం చేసేరు. హిందూ ఊళ్ళ అంచున వెలివాడలుగా బతకం, దళితులకి వేరే గ్రామాలు కావాలని. 1947లో రాజ్యాంగ సభకి ఇచ్చిన 'రాష్ట్రాలు - మైనారిటీలు' అనే పత్రంలో బాబాసాహెబ్ దానికి ఒక సెటిల్మెంట్ కమిషన్ అడిగేరు. సాగులో లేని సర్కారు భూమి ఆ కమిషన్ చేతిలో పెట్టాలి, దాంతో దళితులకి సొంత ఊళ్ళు కట్టాలి. చూసేరా? తెల్లదొర మనల్ని కంచెలో పెట్టడానికి వాడిన మాటనే ఆయన తీసుకుని, భూమితో, ఊరితో, గౌరవంతో నింపి తిరిగి అడిగేరు. ఆ కమిషన్ ఈనాటికీ రాలేదు.

కారంచేడు జనం దాన్ని కాళ్ళతో అమలు చేసేరు. 1985 జులై 17న ఆరుగుర్ని చంపేక వాళ్ళు చీరాల వెళ్ళిపోయేరు. "ఊరికి రండి, కలిసుందాం, సెటిల్ చేసుకుందాం" అంటే వెనక్కి వెళ్ళలేదు. చీరాలలోనే కాలనీ కట్టించుకున్నారు. ఆ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది. 2008లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి శిక్ష వేయించేరు. సెటిలవడమంటే అదీ!

కార్యకర్తలకి

సెటిల్మెంటు అన్న మాట వినగానే మూడు ప్రశ్నలడగండి. కాగితం ఎవరు రాసేరు? మనవాడు కూర్చున్నాడా, నిలబడ్డాడా? ఏం వదులుకుంటున్నామో అందులో ఉందా?

1. కేసు పెట్టిన రోజే ఎఫ్ఐఆర్ నకలు తీసుకోండి. భూమి తగాదా అయితే భూమి సెక్షన్లు పడ్డాయో లేదో చూడండి. పడకపోతే డీఎస్పీకి రాతపూర్వకంగా ఇవ్వండి. ఈ కేసులు దర్యాప్తు చెయ్యాల్సింది ఆయన హోదా వాళ్ళే.
2. పెద్దమనుషులొస్తే ఒంటరిగా మాట్లాడవద్దు. మంచం వేస్తే మనకీ ఒక మంచం వెయ్యండి. అన్న ప్రతి మాటా రాసుకోండి.
3. బెదిరిస్తే అది కొత్త ఫిర్యాదు. 2016 నుంచి అమల్లోకి వచ్చిన 15ఎ సెక్షను బాధితులకీ సాక్షులకీ రక్షణ ఇవ్వమంటది.
4. కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకోసారి జరగాల్సిన విజిలెన్సు, మానిటరింగు కమిటీకి ప్రతి కేసూ పంపండి. మీటింగు జరగకపోతే ఎందుకు జరగలేదో అడగండి.
5. భూమి పూలింగన్నా, ఫ్రీహోల్డన్నా, ఖాళీ కాగితం మీద వేలు పెట్టకండి.

ఇదంతా రెండు రోజుల తర్వాత ఆ తల్లి దగ్గర కూర్చుని చెప్పేను. నిఘంటువు సంగతీ, కొండ కింద యుద్ధం సంగతీ, స్టువర్టుపురం సంగతీ అన్నీ విన్నాది. కట్టడం బరువుకి నేల కుంగడాన్ని కూడా అదే మాటంటారని చెప్తే నవ్వింది. "అయితే మనం కింద నేలన్నమాట" అంది.

మర్నాడు పెద్దమనుషులు మళ్ళీ వచ్చేరు. ఎనభై వేలు చేస్తామన్నారు. ఆమె ఒక్కటే అడిగింది:

"గట్టు ఎక్కడుండాలో ఆ కాయితంలో రాయిస్తారా బాబూ?"

"గట్టు సంగతి తరవాత సూద్దాం, ముందు కేసు తీసీండి" అన్నారు.

"గట్టు లేని కాయితం మీద నాను ఏలెట్టను."

భూమి సెక్షన్లు చేర్చమని అర్జీ ఇచ్చేం. సర్వే అడిగేం. రెండూ ఇంకా తేలలేదు. సర్వే రోజున గొలుసు పట్టుకునేటప్పుడు ఆ తల్లి ఒక్కతే నిలబడకూడదు. ఆ రోజుకి చుట్టుపక్కల పేటలన్నీ కదిలి రావాలి. మేస్టార్లం, ఉద్యోగస్తులం, సెటిలైపోయేమనుకున్న వాళ్ళం ముందు రావాలి.

జై భీం!